వినిపించే ఎడిటర్

ఆ వేసవిలో గుంటూరు మొత్తం కళ్లు తుడుచుకుంటూనే ఉంది. పంట విరగపండి, మిర్చి యార్డులో చోటు చాలక, మిరప టిక్కీలు, అంటే బస్తాలు, నింపిన లారీలు ఊరి బయట నల్లపాడు దాకా బారులు తీరాయి. గాలి మళ్లినప్పుడల్లా ఘాటు ఇంట్లోకి దూసుకొచ్చేది. మా అత్త మస్తాన్‌బీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వంట చేసేది. నా భర్త నజీర్ కింద పరుపుల దుకాణంలో, దూది ఏకే మిషను పక్కన ముఖానికి తువ్వాలు చుట్టుకుని కూర్చునేవాడు. అందరి కళ్లూ ఎర్రగా ఉండేవి. అందుకని నా కళ్లను ఎవరూ విడిగా పట్టి చూడలేదు.

కంటి డాక్టరమ్మ మాత్రం చూసింది. చీకటిగదిలో చాలాసేపు పరీక్షలు చేసి, లైటు వేసి, "ఒక్కరే వచ్చారా?" అని అడిగింది. ఆ ప్రశ్నతోనే నాకు సగం అర్థమైంది.

"పక్కచూపు పోతోందమ్మా. పైపులోంచి చూసినట్టు మధ్యలో కొంచెం మిగులుతుంది. అదెన్నాళ్లుంటుందో నేను చెప్పలేను. ప్రస్తుతానికి మీకివ్వడానికి మందంటూ లేదు. మీ ఇంట్లో ఎవరికైనా రేచీకటి ఉందా?"

మా అమ్మ జాన్‌బీ సందె పడితే గడప దాటదు. అది ఆమె పద్ధతి అనుకుంటూ పెరిగాను. ఆ కుర్చీలో కూర్చున్నాకే అది పద్ధతి కాదని తెలిసింది.

"ఏం పని చేస్తుంటారు?"

"వెబ్‌సైట్లు రాస్తానండి. కంప్యూటరు పని."

"అయితే చూపు ఉండగానే చెవితో పని చేయడం నేర్చుకోండి. పోయాక మొదలుపెడితే చాలా కష్టపడతారు. బండి మాత్రం ఇవాళ్టి నుంచే మానేయండి. ఈసారి మీ ఆయన్ని తీసుకురండి."

స్కూటీని ఆసుపత్రి ఆవరణలోనే వదిలేసి ఆటోలో ఇంటికొచ్చాను. స్టార్ట్ కావడం లేదని చెప్పాను. మిరప ఘాటుకి చుక్కలమందు రాసిచ్చారన్నాను. మర్నాడు నజీర్ వెళ్లి బండి తెచ్చాడు. తాళంచెవి బల్ల మీద పెట్టి, "ఒక్క నొక్కుకే స్టార్టయింది" అన్నాడు.  ఆ మాట చాలా రోజులు ఆ బల్ల మీదే ఉండిపోయినట్టనిపించింది నాకు.

ఎందుకు చెప్పలేదంటే, పెళ్లిచూపుల నాడు మా అత్త మా అమ్మ చెయ్యి పట్టుకుని, "పిల్లకి ఏ లోపమూ లేదు కదా వదినా, దాపరికం వద్దు" అని అడిగింది. "ఏమీ లేదు వదినా" అంది మా అమ్మ. ఇప్పుడు నేను నోరు తెరిస్తే నా కళ్ల సంగతి తర్వాత, ముందు మా అమ్మ మాట అబద్ధమవుతుంది. ఈ ఇంటికొచ్చి రెండో ఏడే నడుస్తోంది.

*

నేను పనిచేసే ఆఫీసు అరండల్‌పేటలో ఒక మేడ మీద ఉండేది. చిన్న సంస్థ, అయిదారుగురం. వారంలో ఒకరోజు వెళ్లేదాన్ని, మిగతా రోజులు ఇంటి నుంచే. ఆ సీజన్లో మా చేతిలో ఉన్న పెద్ద పని కోల్డ్ స్టోరేజీల సైటు. ఏ స్టోరేజీలో ఎంత చోటుందో రైతు ఫోన్లో చూసుకోవాలి. లారీల వరస చూశాక ఆ పని ఎంత తొందరగా కావాలో ఎవరూ మాకు చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ వారమే మా టీమ్ లీడర్ చైతన్యకృష్ణ అందరినీ పిలిచి కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు వాడుతున్న ఎడిటర్ లైసెన్సు వచ్చే నెల నుంచి తీసేస్తున్నారు. ఉచితంగా వచ్చేవి బోలెడున్నాయి. తలా ఒకటి వాడి చూడండి. నెలాఖరుకి ఒకటి ఖాయం చేద్దాం. ఖాయం చేశాక అందరూ అదే వాడాలి. వరసను లోపలికి జరపడానికి ఒకరు స్పేసులు కొట్టి, ఇంకొకరు ట్యాబులు కొట్టి ఫైళ్లు కలగాపులగం చేస్తే సర్దలేక చస్తున్నాను."

ఎడిటర్ అంటే మేం కోడ్ రాసుకునే చోటు. కంసాలికి బల్ల ఎలాగో మాకు అదలాగ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని ముందే బతుకు. తప్పు రాస్తే ఎర్రగీత గీస్తుంది, ఒక్కో రకం మాటకు ఒక్కో రంగు వేస్తుంది. అప్పటికే నాకు ఆ ఎర్రగీతలు అంచుల్లో ఉంటే కనిపించడం మానేశాయి. కర్సర్ ఎక్కడుందో వెతుక్కోవడానికే పుణ్యకాలం గడిచిపోయేది.

నా పక్క కుర్చీ అఖిలది. కొత్తగా వచ్చిన ఒక ఎడిటర్‌ని అప్పటికే దింపుకుని మురిసిపోతోంది.

"చూడక్కా, ఇలా నొక్కితే అలా తెరుచుకుంది. మన డొక్కు కంప్యూటర్లకి ఇదే సరి. రంగులు కూడా ఎంత చల్లగా ఉన్నాయో."

అందరూ దాని చుట్టూ మూగారు. చైతన్యకృష్ణ తలాడించాడు. దాని పేరు నేనూ రాసుకున్నాను.

ఇంటికొచ్చి, డాక్టరమ్మ చెప్పిన మాట పట్టుకుని వెతికాను. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ దొరికింది. అదీ ఉచితమే. తెర మీద ఉన్నది గొంతుతో చదివి వినిపిస్తుంది. దానిలోనే తెర మొత్తం నల్లగా చేసే ఏర్పాటు కూడా ఉంది. కళ్లతో దొంగచూపులు చూడకుండా చెవికి పని నేర్పడానికి అదే మేలనుకున్నాను. తలుపు దగ్గరగా వేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తెర నల్లగా చేసి, ఒక్కో ఎడిటర్‌నీ తెరిచి వినడం మొదలుపెట్టాను.

ముందు అఖిల మెచ్చిన ఎడిటర్. దాని పేరు చెప్పింది గొంతు. ఆ తర్వాత ఇంకేమీ చెప్పలేదు. నేను బాణం మీటలు నొక్కాను, టైపు చేశాను, ఫైలు మార్చాను. కదలిక లేదు. మూసిన తలుపు ముందు నిలబడి పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది. తప్పు నాదేమోనని ఒక వారమంతా దానితోనే కుస్తీ పట్టాను. నాది కాదు.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ తెరిస్తే వరసలు చక్కగా చదివింది. చిన్న పనికి దాన్ని మించింది లేదు. కానీ మా సైటులో వందల ఫైళ్లున్నాయి, ఏ ఫైల్లో ఏ తప్పుందో చెవిలో చెప్పేది నాకు కావాలి.

ఆ తర్వాత వీఎస్ కోడ్. తెరవగానే, స్క్రీన్ రీడర్ వాడుతున్నట్టు అదే గుర్తుపట్టి, సాయం కావాలంటే ఏ మీట నొక్కాలో చెప్పింది. ఒక మీట నొక్కితే తప్పున్న వరసకు తీసుకెళ్లి, ఆ తప్పేమిటో చదివింది. తప్పున్న చోటికి వస్తే చిన్న చప్పుడు చేసింది. ఎన్‌వీడీఏలో ఇంకో ఏర్పాటు కూడా కుదుర్చుకున్నాను. కోడ్‌లో వరస లోపలికి జరిగేకొద్దీ ఒక స్వరం పైకి వెళుతుంది, బయటికి వచ్చేకొద్దీ దిగుతుంది. నేనే రాసిన పేజీని అలా మొదటిసారి మొదలు నుంచి చివరిదాకా విన్నాను. పేజీలో ఒక భాగాన్ని తెరిచి ఎక్కడ మూయడం మరిచిపోయానో స్వరం దిగకపోవడం బట్టి పట్టుకున్నాను. పట్టుకున్నాక చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుండిపోయాను. బతుకుతెరువు పూర్తిగా పోలేదని అప్పుడే నమ్మకం కలిగింది.

కానీ ఆఫీసులో దాని పేరెత్తితే చైతన్యకృష్ణ, "బరువు. మన మిషన్లు లాగలేవు" అని ఒక్కమాటలో తీసిపారేశాడు. నాకెందుకు అదే కావాలో చెప్పకుండా వాదించడం నా తరం కాలేదు.

*

అవతల పెళ్లిళ్ల సీజను. పెళ్లంటే పరుపులు. నజీర్‌కి తినడానికే తీరిక లేదు. అలాంటి రోజుల్లో "ఆఫీసు దగ్గర దింపండి", "మందుల షాపు దాకా తీసుకెళ్లండి" అని నేను వెంటపడేదాన్ని. స్కూటీ మీద దుమ్ము పేరుకుంటోంది. "బండుంది కదా" అనేవాడు. "ఎండ" అనేదాన్ని. అతను నా ముఖంలోకి చూసి బండి తీసేవాడు.

ఒక మధ్యాహ్నం మంచినీళ్లకని పైకొచ్చాడు. నేను నల్లటి తెర ముందు ఇయర్‌ఫోన్లతో కూర్చుని ఉన్నాను. వింటున్నది పెదాలతో తిరిగి చెప్పుకోవడం నాకు అలవాటైంది. అతను ఎంతసేపటి నుంచి గుమ్మంలో ఉన్నాడో తెలియదు. పక్కనుంచి వచ్చే మనిషి నాకు కనిపించడు కదా. నీడ పడగానే ఉలిక్కిపడి ఇయర్‌ఫోన్లు లాగేశాను.

"ఎవరితో?"

"ఆఫీసు."

"కంప్యూటరు ఆపేసి ఉందే."

 అతను నీళ్లు తాగి, గ్లాసు బోర్లించి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి అతను మెట్లెక్కేటప్పుడు అడుగుల చప్పుడు వినపడకుండా పోయింది. నేను కూడా చెవులు రిక్కించడం మొదలుపెట్టాను. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకరినొకరు కాపలా కాసుకున్నాం.

ఏప్రిల్ మూడో వారంలో మా అత్త కొత్త కారం పట్టించింది. పళ్లెం నిండా కారం పట్టుకుని వరండాలోంచి వంటింటికి వెళుతున్నాను. వరండాలో, గోడ వారగా, తెల్ల గుడ్డ తొడిగిన పెళ్లి పరుపొకటి కుట్టు కోసం పరిచి ఉంది. పక్కనున్నది, కింద ఉన్నది, రెండూ నా చూపులోకి రావు. కాలు తగిలి బోర్లా పడ్డాను. పళ్లెం పరుపు మీద తిరగబడింది.

కారం పడ్డ పరుపు మీద కొత్త దంపతులను ఎవరు పడుకోబెడతారు? దులిపేది కాదు, ఉతికేది కాదు. అత్త దగ్గుతూ పరుగెత్తుకొచ్చింది.

"కళ్లు ఎక్కడ పెట్టుకు నడుస్తున్నావే పిల్లా? ఏనుగంత పరుపు ఎదురుగా ఉంటే."

ఎవరైనా ఎవరినైనా అనే మాటే. నాకు మాత్రం మాటవరసకు అన్నట్టు వినిపించలేదు. చప్పుడు విని వచ్చిన నజీర్ నా చెయ్యి పట్టి లేపి పంపు దగ్గరికి తీసుకెళ్లాడు. ముఖం మీద నీళ్లు కొట్టాడు. తర్వాత ఆ పరుపు కుట్లు విప్పుతూ కూర్చున్నాడు. దూది తీసి కుప్పపోస్తూ, తల ఎత్తకుండా అన్నాడు.

"నీ మనసు ఈ ఇంట్లో లేదు నస్రత్."

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ పైకొచ్చాడు. ఈసారి చప్పుడు చేస్తూనే ఎక్కాడు. నా వెనక నిలబడి చెయ్యి చాపాడు.

"ఇటివ్వు."

ఇయర్‌ఫోన్లు తీసిచ్చాను. ఒకటి చెవిలో పెట్టుకున్నాడు. నేను మీట మీద నుంచి వేలు తీయలేదు. వరస తర్వాత వరస చదువుకుపోతోంది ఆ మగ గొంతు, బస్టాండులో మైకు కన్నా వేగంగా. అతను కనుబొమలు ముడిచి చాలాసేపు విన్నాడు.

"ఎవడు వీడు? ఏం మాట్లాడుతున్నాడు?"

"మనిషి కాదు. కంప్యూటరే. నేను రాసింది నాకు చదివి వినిపిస్తోంది."

"నువ్వు చదువుకోలేవా?"

 కింద అతను ఆపకుండా వదిలొచ్చిన మిషను ఆడుతోంది. అతను చెవిలోది తీయకుండా అలాగే నిలబడ్డాడు.

"స్కూటీ అందుకేనా?"

"అందుకే."

"నిన్నటి పరుపు?"

"కనిపించలేదు."

"మీ అమ్మకి తెలుసా?"

"అమ్మకీ ఉందండి."

ఇయర్‌ఫోన్ తీసి, తీగ చిక్కుపడకుండా చుట్టి, బల్ల మీద పెట్టాడు. కిందికి దిగాడు. కాసేపటికి మిషను ఆగింది. సాయంత్రం దాకా మళ్లీ ఆడలేదు.

*

అత్తకు అతనే చెప్పాడు. ఆమె నన్ను వంటింట్లోకి పిలిచి, ఎదురుగా పీట వేసి కూర్చోబెట్టింది.

"అడిగానా లేదా? నలుగురిలో చెయ్యి పట్టుకుని అడిగానా?"

"అడిగారు అత్తమ్మా. అమ్మకి అది జబ్బని తెలియదు."

"చీకటి పడితే కాలు బయటపెట్టని మనిషికి తెలియకపోవడమేంటి? తెలుసు. చెబితే సంబంధం తప్పిపోతుందనుకుంది." కొంచెం ఆగింది. "నువ్వైనా చెప్పలేదు. డాక్టరు చెప్పాక కూడా. చుక్కలమందన్నావు."

 ఆ రోజు నుంచి ఆమె నాతో సూటిగా మాట్లాడటం మానేసింది. "కంచాలు పెట్టమను", "తలుపేసుకోమను" అని నజీర్‌తోనే చెప్పించేది. అయితే వరండాలో పరుపులు పరచడం ఆపేశారు. నీళ్ల బిందె దారిలోంచి మూలకి జరిగింది. ఎవరు జరిపారో నేనడగలేదు.

నజీర్ కోపం వేరు. రెండు మూడు రోజులు పోయాక, అన్నం కలుపుతూ అడిగాడు.

"చెబితే ఏం చేస్తాననుకున్నావు? మీ ఊరు బస్సెక్కిస్తాననుకున్నావా?"

"మీరు కాదు. అత్తమ్మ..."

"మా అమ్మ సంగతి అమ్మ చూసుకుంటుంది. నన్నడుగు. నేను మెట్ల మీద చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని ఎక్కేవాణ్ణి. దొంగలాగా. నా ఇంట్లో నేను." ముద్ద నోట్లో పెట్టుకోలేక కంచంలో వదిలేశాడు. "అలా చేశానని నాకు సిగ్గుగా ఉంది. నాచేత అలా చేయించావని కోపంగా ఉంది."

నేను అతని కంచంలో మజ్జిగ పోశాను. 

నెలాఖరు మీటింగుకి అతనే దింపాడు. మేడమెట్ల దగ్గర, "పైకి రానా?" అన్నాడు.

"వద్దు. కిందే ఉండండి."

పైన అంతా అయిపోయినట్టే ఉంది. బోర్డు మీద అఖిల మెచ్చిన ఎడిటర్ పేరు రాసి కింద గీత గీశారు. చైతన్యకృష్ణ నన్ను చూసి, "మీరే మిగిలారు నస్రత్ గారూ. సరేనంటే ఇవాళే అందరి మిషన్లలో వేసేద్దాం" అన్నాడు.

"నేను దాన్ని వాడలేనండి."

"మళ్లీ అదే మాట. మీ లాప్‌టాప్ కొత్తది, మీకేదైనా నడుస్తుంది. ఇక్కడి మిషన్ల సంగతి ఆలోచించండి. అలవాటైతే అన్నీ ఒకటే."

"అది నాతో మాట్లాడదు" అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. గొంతు సర్దుకున్నాను. "నాకు చూపు తగ్గుతోంది. ఇక పెరగదు. ఇప్పుడు సగం పని చెవితోనే చేస్తున్నాను. మీరు గీత గీసిన ఎడిటర్ స్క్రీన్ రీడర్‌కి ఒక్క అక్షరం అందించడం లేదు. అది పెడితే నేను పనిలో ఉండను."

 అఖిల నా చేతి మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది. వేయొచ్చో లేదో తెలియనట్టు.

చైతన్యకృష్ణ మార్కరు మూత పెట్టాడు, తీశాడు. చెడ్డవాడు కాదు. భయపడ్డాడు.

"ఇది క్లయింటుకి చెప్పాలంటారా?"

"ఎందుకండీ? సైటులో తప్పుంటే అప్పుడు నన్నడగమనండి."

"నేను పైవాళ్లతో మాట్లాడాలి. అప్పటిదాకా... మీరు ఇంట్లో ఉండండి. కబురు చేస్తాను."

ఇంట్లో ఉండమనడం అంటే ఏమిటో నాకు తెలుసు. కిందికొచ్చి బండెక్కాను.  శంకర్‌విలాస్ సెంటర్ దాటాక, "చెప్పావా?" అన్నాడు నజీర్. "చెప్పాను" అన్నాను. "మంచిది" అన్నాడు.

ఆ తర్వాత పని రాలేదు. పొద్దున్నే లాప్‌టాప్ తెరిచి కూర్చోవడం, కొత్త పనేమీ లేదని ఆ గొంతే నాకు చెప్పడం. సైటు గడువు ముంచుకొస్తోంది, నా భాగం నా దగ్గర సగంలో ఉంది, ఎవరూ అడగరు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పరుపుల దుకాణంలో దిండు గలేబులు కుట్టడానికి చూపు అక్కర్లేదేమోనని ఒక రోజు వేళ్లతో కుట్టు తడిమి చూశాను కూడా.

అప్పుడు అఖిల ఫోన్ చేసింది.

"అక్కా, అసలు అందరం ఒకటే ఎందుకు వాడాలి? నేను చదివాను. స్పేసులెన్ని, ట్యాబులెన్ని అని రాసిన చిన్న ఫైలొకటి సైటు ఫోల్డర్లో పెడితే చాలట. చాలా ఎడిటర్లు దాన్ని చదివి అదే లెక్క పాటిస్తాయట. నీదీ, నాదీ, రెండూ పాటిస్తున్నాయి. నిన్న కలిపి చూశాను. సార్‌కి చూపించాను."

"ఏమన్నాడు?"

"రెండు ఫైళ్లూ తనే తెరిచి చూసుకున్నాడు. తర్వాత, ఈ సంగతి ముందే ఎవరూ ఎందుకు చెప్పలేదన్నాడు."

సాయంత్రానికి చైతన్యకృష్ణ నుంచి మెయిల్ వచ్చింది. ఎవరికి నచ్చిన ఎడిటర్ వారు వాడుకోవచ్చు. స్టోరేజీల పేజీ నస్రత్ గారే పూర్తి చేయాలి. కింద విడిగా, ఆరు నెలల తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం అని ఉంది. ఆ చివరి వాక్యాన్ని గొంతు చేత రెండుసార్లు చదివించుకున్నాను. జాలితో చేసిన మెహర్బానీ కాదు, భరోసా కూడా కాదు. ఆరు నెలలు. చాలనుకుని పనిలో కూర్చున్నాను. సైటు జూన్ మొదట్లో తెరుచుకుంది. నా పేజీ నిలబడింది.

*

దాపరికం పోయాక ఇయర్‌ఫోన్ల అవసరం కూడా పోయింది. స్పీకరు పెట్టుకునే పని చేస్తున్నాను. ఒక మధ్యాహ్నం దాన్ని ఆపి ఏదో ఆలోచిస్తున్నాను. కింద దుకాణంలో ఒకావిడ మాటలు కిటికీలోంచి స్పష్టంగా పైకి వచ్చాయి. మా వీధి చివరావిడే. కూతురి పెళ్లికి పరుపు కావాలని వచ్చింది.

"మీ కోడలికి చూపు పోతోందటగా మస్తాన్‌బీ. రేపు పిల్లలు పుడితే వాళ్లకీ వస్తే? నజీర్‌కి ఇంకా వయసేం మించిపోలేదు. మా ఆడబిడ్డ వాళ్ల వైపు ఒక పిల్ల ఉంది..."

మిషను ఆగింది. నజీర్ కిందే ఉన్నాడన్నమాట. అతను నోరు విప్పేలోపే మా అత్త గొంతు వినిపించింది. ఏ హెచ్చూ లేదు ఆ గొంతులో.

"నువ్వు పరుపు కొనడానికొచ్చావా, సంబంధం చెప్పడానికొచ్చావా?"

"అయ్యో, పరుపుకే."

"అయితే కొలత చెప్పు."

ఆవిడ కొలత చెప్పింది. మళ్లీ మిషను ఆడింది. కాసేపటికి మా అత్త ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. ఎన్నో వారాల తర్వాత నాకెదురుగా, నాకు కనిపించే చోట నిలబడింది.

"మీ అమ్మకి ఫోను కలుపు."

కలిపి ఇచ్చాను. ఆమె ఫోను చెవికి ఆనించుకుని గోడకి చేరగిలబడింది.

"వదినా, నేను మస్తాన్‌బీని. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. అది ఫోన్లో తీరేది కాదు. నజీరు రేపొస్తాడు, అతనితో బయల్దేరి రా. వచ్చి పది రోజులుండు. ఆ డాక్టరమ్మకి నిన్ను కూడా చూపిద్దాం."

అవతల అమ్మ ఏమందో నాకు వినపడలేదు. మా అత్త చాలాసేపు ఊ కొట్టింది. మధ్యలో ఒకసారి కళ్లు తుడుచుకుంది.

"ఏడవకు. ముందు బట్టలు సర్దుకో" అని ఫోను నా చేతికిచ్చి, కిందికి దిగిపోయింది.